దూరం నుండి ధ్వని నియంత్రణ

శ్రుతి వేరు, తీవ్రత వేరు. మంద్ర, మధ్య, తార స్థాయులు శ్రుతికి సంబంధించినవి. ఇంట్లో పాట వింటూ ‘సౌండు తగ్గించు’ అన్నప్పుడు మనం కోరేది తీవ్రతను తగ్గించమని. ఆరు స్పీకర్లున్న గృహశ్రవణ వ్యవస్థలో ఈ చిన్న పని ఎంత క్లిష్టమో పరిశీలిద్దాం.

శబ్దం రెట్టింపైనట్లు చెవికి తోచాలంటే స్పీకరుకు అందే విద్యుచ్ఛక్తి సుమారు పది రెట్లు కావాలి. అందుకే తీవ్రతను అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరిట ఏర్పడిన డెసిబెల్ అనే ప్రమాణంతో కొలుస్తారు. పది రెట్ల శక్తి అంటే 10 డెసిబెళ్లు.

పాత రేడియోలలో నాబ్ తిప్పితే లోపల కార్బన్ పూతపై ఒక లోహపు నాలుక జరిగేది. ఒకే ఇరుసుకు ఆరు పూతలు అమర్చితే అవి పరస్పరం సరిపోవడం కష్టం. ధ్వనిని బాగా తగ్గించినప్పుడే ఆ తేడా బయటపడుతుంది. ఇంటిల్లిపాదీ నిద్రించాక మెల్లగా బతుకమ్మ పాట పెట్టుకున్న శ్రోతకు గాయని గొంతు ఒక పక్కకు జరిగినట్లు వినిపిస్తుంది. రిమోటు కోసం నాబుకు మోటారు తగిలించినా ఈ దోషం పోదు. ధ్వనిని సంఖ్యల రూపంలోనే తగ్గించవచ్చు గాని, ప్రతి 6 డెసిబెళ్లకు ఒక బిట్టు నష్టమవుతుంది. 24 బిట్ల పరికరాలలో ఆ నష్టం చాలావరకు మరుగున పడుతుంది.

నాకు ముచ్చటగొలిపేది రిలేల పద్ధతి. రిలే అంటే విద్యుత్తుతో పనిచేసే చిన్న స్విచ్చు. దాని స్పర్శాగ్రాలకు సాధారణంగా వెండి మిశ్రమం వాడతారు. వెండి తీగపనికి పేరుపొందిన కరీంనగర్ వాసులకు ఆ లోహం ఎంత సన్నగా సాగుతుందో తెలుసు. విద్యుత్తును ప్రసరింపజేయడంలోనూ లోహాలన్నింటిలో దానిదే అగ్రస్థానం. ఒక్కొక్క స్పీకరు మార్గంలో 1, 2, 4, 8, 16, 32 డెసిబెళ్లు తగ్గించే ఆరు రిలేలు ఉంటాయి. తూకపురాళ్లవలె వీటిని కలిపితే 63 వరకు ఏ సంఖ్యనైనా పొందవచ్చు. 23 కావాలంటే 16, 4, 2, 1 చాలు. ఆరు మార్గాలకు 36 రిలేలు. నిరోధకాలు కచ్చితమైనవైతే ఆరూ ఒకే మేర తగ్గుతాయి.

అయితే 31 నుండి 32కు మారేటప్పుడు ఐదు రిలేలు వదలాలి, ఒకటి పట్టాలి. ముందే ఐదూ వదిలితే ధ్వని క్షణకాలం 31 డెసిబెళ్లు ఎగసి స్పీకరు గర్జిస్తుంది. కనుక కొత్తదానిని పట్టించాకే పాతవాటిని వదిలించాలి. అప్పుడు కలిగేది లిప్తపాటు మౌనమే.

ఇక రిమోటు. అది కంటికి కనబడని పరారుణ కాంతిని సాధారణంగా సెకనుకు 38,000 సార్లు మినుకుమనిపిస్తూ, ఆ మినుకులను గుంపులు గుంపులుగా పంపుతుంది. ఎండకు ఆ లయ లేదు కాబట్టి గ్రాహకం రెంటినీ వేరుచేయగలదు. ఆ గుంపుల సంకేతాన్ని చదివిన మైక్రోకంట్రోలరు రిలేలను ఆదేశిస్తుంది.

కరెంటు పోయి వచ్చే సందర్భాన్ని రూపకర్త మరువరాదు. మధ్యాహ్నం హోరెత్తించిన పాట అర్ధరాత్రి కరెంటు రాగానే అదే తీవ్రతతో మొదలైతే ఉయ్యాలలోని పసిబిడ్డ ఉలిక్కిపడుతుంది. అందుచేత విద్యుత్తు అందిన తొలిక్షణాలలో ఆరు మార్గాలనూ మూసి ఉంచి, తరువాత తక్కువ స్థాయి నుండే తెరవాలి.