పొలంలోని కొలత పరిశోధన కేంద్రానికి చేరే దారి: ప్యాకెట్ల రవాణాలో కొన్ని ఆవిష్కరణలు

శ్రీ సత్యసాయి జిల్లాలోని రొద్దం పెన్నా ఒడ్డునే ఉన్నా, ఏటిలో నీరు పారే రోజులు తక్కువ. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వర్షాధార వేరుశనగకు ఊడలు దిగే దశలోనో, కాయ ఊరే దశలోనో బెట్ట తగిలితే దిగుబడి పడిపోతుంది. ఆ సమయంలో ఒక్క రక్షక తడి ఇవ్వగలిగితే పంట నిలదొక్కుకుంటుంది. ఆ తడి ఎప్పుడు ఇవ్వాలో తేల్చడానికి నేల తేమ సెన్సర్లు, స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు తోడ్పడతాయి. సెన్సర్ కొనేటప్పుడు దాని కచ్చితత్వం గురించి అడిగినంతగా, అది తీసిన కొలత ఏ దారిన, ఎంత ఖర్చుతో, ఎంత ఆలస్యంగా చేరుతుందన్న విషయంపై ఆరా తీయడం మాత్రం అరుదు. సకాలంలో చేరని కొలత ఎంత కచ్చితమైనదైనా ఆ పంటకు ఉపయోగపడదు.

కంప్యూటర్ నెట్‌వర్కులలో సమాచారం చిన్న చిన్న మూటలుగా, అంటే ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. 1960ల తొలి భాగంలో అమెరికాలో పాల్ బారన్, 1965లో బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ వేర్వేరుగా ఈ పద్ధతిని ప్రతిపాదించారు. ‘ప్యాకెట్’ అన్న పేరు డేవిస్ పెట్టినది. టెలిఫోన్ పద్ధతిలో ఇద్దరు మాట్లాడుకున్నంతసేపూ ఒక తీగ వారికే అంకితం. ప్యాకెట్ పద్ధతిలో ఒకే తీగను అనేకులు వంతులవారీగా వాడుకుంటారు. ఇందుకు బదులుగా ప్రతి మూటకూ చిరునామా, వరుస సంఖ్య మొదలైన వివరాలతో ఒక శీర్షిక తగిలించవలసి ఉంటుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న టీసీపీ, ఐపీ నియమాల నాలుగో వెర్షన్ ప్రకారం ఆ శీర్షికలు రెండూ కలిపి కనీసం 40 బైట్లు.

రొద్దం పొలంలో ఒక తేమ సెన్సర్ 10 నిమిషాలకు ఒకసారి కొలత తీస్తుందనుకుందాం. సెన్సర్ సంఖ్య, సమయం, తేమ విలువ కలిపి 12 బైట్లు సరిపోతాయి. రోజుకు 144 కొలతలు. అసలు సమాచారం 1,728 బైట్లు. ఒక్కో కొలతను విడిగా పంపితే శీర్షికలకే 5,760 బైట్లు పోతాయి. గింజ కంటే పొట్టు మూడు రెట్లకు పైగా బరువన్నమాట. ప్రతిసారీ కొత్తగా సంబంధం ఏర్పరచుకోవడానికి, ముగించడానికి నడిచే ప్యాకెట్లు ఈ లెక్కలో లేవు. గంటకు ఒకసారి ఆరు కొలతలను ఒకే ప్యాకెట్‌లో పంపితే శీర్షికల భారం 960 బైట్లకు తగ్గుతుంది. బైట్ల ఆదా కంటే ముఖ్యమైనది బ్యాటరీ ఆదా: తేమ కొలవడానికయ్యే విద్యుత్తు స్వల్పం, రేడియో మేల్కొన్న ప్రతిసారీ అయ్యేది అధికం.

ఈ చిక్కు కొత్తది కాదు. 1984 జనవరిలో జాన్ నేగుల్ దీనినే వివరించారు. మీటపై ఒక్క అక్షరం నొక్కితే 41 బైట్ల ప్యాకెట్ బయలుదేరేది. అందులో 40 బైట్లు శీర్షికే. పంపిన ప్యాకెట్‌కు రసీదు వచ్చేదాకా కొత్త అక్షరాలను కూడబెట్టి, రాగానే ఒకే మూటగా పంపాలన్నది ఆయన పరిష్కారం. ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడతారు. నేగుల్ పద్ధతి కంప్యూటర్‌లో ఉన్నది గనుక సెన్సర్ కొలతలు కూడా వాటంతట అవే మూట కడతాయనుకుంటారు. కొలతల మధ్య వ్యవధి 10 నిమిషాలు. రసీదు సెకన్లలోనే వస్తుంది. కాబట్టి ఇక్కడ మూట కట్టే పని సెన్సర్‌ను నడిపే ప్రోగ్రామే చేయాలి.

అన్ని కొలతలనూ ఆపడం కూడా తగదు. హిందూపురం ప్రాంతంలో పట్టుపురుగుల పెంపకం విస్తారం. చాకీ పురుగులకు 27-28 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 80-85 శాతం గాలి తేమ కావాలి. పెంపకపు గదిలో ఉష్ణోగ్రత హద్దు దాటిందన్న కబురు గంట ఆగితే పురుగుకు చేటు. నేల తేమ నెమ్మదిగా మారుతుంది, దానిని కూడబెట్టవచ్చు. హెచ్చరికను మాత్రం వెంటనే పంపాలి. ఏది ఆగగలదో, ఏది ఆగలేదో నిర్ణయించవలసినవాడు సాంకేతిక నిపుణుడు కాదు, పంటనూ పురుగునూ ఎరిగిన శాస్త్రవేత్త.

ఇక దారిలో జరిగేదానికి వస్తే, రాయలసీమ గొలుసుకట్టు చెరువులను ఎరిగినవారికి అది సులభంగా బోధపడుతుంది. నెట్‌వర్క్ కూడళ్లలో ఉండే రౌటర్లు వచ్చిన ప్యాకెట్లను కొద్దిసేపు నిలవ ఉంచుకొని ముందుకు వదులుతాయి. చెరువు నిండితే మరవ పారి, నీరు కింది చెరువుకు చేరుతుంది. రౌటర్ నిండితే మాత్రం పొర్లిన ప్యాకెట్ మాయమవుతుంది. పంపినవాడు దానిని మళ్లీ పంపుతాడు. అందరూ మళ్లీ పంపితే రద్దీ ఇంకా పెరుగుతుంది. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకు, దాదాపు 400 గజాల దూరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. 1988లో వాన్ జేకబ్‌సన్ దీనికి మందు సూచించారు: కొద్ది ప్యాకెట్లతో మొదలుపెట్టి, రసీదులు వచ్చేకొద్దీ పెంచాలి, ప్యాకెట్ పోతే రద్దీ ఉన్నదని గ్రహించి తగ్గాలి. కె.కె. రామకృష్ణన్, రాజ్ జైన్ అదే దశాబ్దంలో మరో ఉపాయం చూపారు: మరవ పారకముందే కబురందినట్లు, రౌటర్ ప్యాకెట్ శీర్షికలోని ఒక బిట్ ద్వారా రద్దీని ముందుగా తెలియజేయాలి. దీని తదుపరి రూపం 2001లో ఇంటర్నెట్ ప్రమాణాలలో చేరింది.

జేకబ్‌సన్ పద్ధతి వెనుక ఒక ఊహ ఉన్నది: దారిలో చెడిపోయి పోయే ప్యాకెట్లు ఒక శాతం కంటే ఎంతో తక్కువ, పోయినవన్నీ రద్దీ వల్లనే పోయాయి. తీగల విషయంలో ఇది సబబే. సిగ్నల్ బలహీనంగా ఉండే పల్లెలో రద్దీ లేకున్నా ప్యాకెట్ పోవచ్చు. పంపేవాడు అనవసరంగా వేగం తగ్గించుకుంటాడు. నష్టాన్ని బట్టి కాక, దారి మోయగల వేగాన్నీ, పోయి వచ్చే కాలాన్నీ అంచనా వేసుకొని నడిచే బీబీఆర్ పద్ధతిని 2016లో గూగుల్ పరిశోధకులు వెలువరించారు. జేకబ్‌సన్ అందులోనూ ఒకరు.

ఈ రంగంలో నందితా దుక్కిపాటి కృషి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. తెలుగు పాఠకులకు ఆ ఇంటిపేరు పరిచితమే. స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొంది, గూగుల్‌లో పనిచేస్తూ, ఆమె సహచరులతో కలిసి 2010లో ఒక ప్రతిపాదన చేశారు: ఆరంభంలోనే పది ప్యాకెట్లు పంపనివ్వాలి. అంతకుముందు సాధారణ పరిమాణపు ప్యాకెట్లైతే మూడింటితో మొదలయ్యేది. తెగులు సోకిన వేరుశనగ ఆకు బొమ్మతో కూడిన సలహా పది ప్యాకెట్లంత ఉన్నదనుకుందాం. పాత పద్ధతిలో మొదట మూడు, తర్వాత ఆరు, చివరికి ఒకటి, మూడు విడతలు. కొత్త పద్ధతిలో ఒక్క విడత. పోయి వచ్చే కాలం 300 మిల్లీసెకన్లైతే 900కు బదులు 300 మాత్రమే. దూరం ఎక్కువైన దారులలో, సిగ్నల్ మందగించిన ఊళ్లలో ఈ లాభం ఇంకా ఎక్కువ. 2013 ఏప్రిల్‌లో ఇది ఇంటర్నెట్ నియమపత్రాలలో చోటు చేసుకుంది. ప్యాకెట్ పోయినప్పుడు ప్రవాహం ఒక్కసారిగా ఆగిపోకుండా దామాషాగా తగ్గించే పద్ధతి కూడా ఆమె, సహచరులు రూపొందించినదే.

సెన్సర్లకు ఇంకా తేలికైన నియమాలున్నాయి. ఎడారిలోని చమురు గొట్టాలను ఉపగ్రహం ద్వారా గమనించడానికి 1999లో రూపొందించిన ఎంక్యూటీటీలో సందేశపు స్థిర శీర్షిక రెండు బైట్లతో మొదలవుతుంది. 2014 నాటి కోయాప్‌లో నాలుగు బైట్లు. అయితే వీటి కింద ఐపీ శీర్షిక ఉండనే ఉంటుందని మరువరాదు.

పరిశోధన దృష్ట్యా అన్నిటికంటే ప్రమాదకరమైనది మరొకటి. ఉరుములు, ఈదురుగాలులతో వాన పడే రాత్రులలోనే కరెంటు పోవడం, టవర్ మూగబోవడం ఎక్కువ. అంటే పోయే కొలతలు యాదృచ్ఛికంగా పోవు. మనకు అత్యవసరమైన రోజులవే పోతాయి. రాని కొలతను సున్నాగా నమోదు చేసే ప్రోగ్రాములో ఆ వాన రోజు బెట్ట రోజుగా మారుతుంది. ఆ పట్టికను నమ్మి ఇచ్చిన రక్షక తడి సలహా రైతు బోరు నీటిని వృథా చేస్తుంది. సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ 1984లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలోని వాదం ఇక్కడ పనికివస్తుంది: నమ్మకమైన చేరవేతకు చివరి హామీ దారిలో కాదు, రెండు చివరలలోనే దొరుకుతుంది. టీసీపీ రసీదు ప్యాకెట్ అవతలి యంత్రానికి చేరిందని మాత్రమే చెబుతుంది, కొలత పట్టికలోకి ఎక్కిందని కాదు. అందువల్ల పొలంలోని పరికరం ప్రతి కొలతకూ వరుస సంఖ్య, కొలత తీసిన క్షణపు సమయం జోడించాలి. పట్టికలో నమోదైనట్లు కేంద్రం నుంచి కబురు వచ్చేవరకు దానిని తన జ్ఞాపకంలోనే ఉంచుకోవాలి. కేంద్రంలో ఖాళీ గడి ఖాళీగానే కనిపించాలి, సున్నాగా కాదు.