మీకు తెలుసా? సినిమా లేని ప్రేమపాటలు

ప్రేమనూ విరహాన్నీ సినిమాతో సంబంధం లేకుండా పాడి రికార్డు చేయడం తెలుగులో నేటి బ్యాండ్లతో మొదలు కాలేదు. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి గ్రామఫోన్ రోజుల్లోనే ఆ పని చేశారు. ‘కోపమేల రాధా’ వాళ్లిద్దరి పాటే. అలిగిన ప్రియురాలిని బుజ్జగించే ఆ స్వరాల్లోని చనువు ఇప్పటికీ పాతబడలేదు. ‘మల్లీశ్వరి’ (1951), ‘మిస్సమ్మ’ (1955) చిత్రాలకు సంగీతం అందించినదీ ఈ రాజేశ్వరరావే.

అప్పటి పది అంగుళాల రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది కాబట్టి ఎంత పెద్ద బాధయినా ఆ కాస్త వ్యవధిలోనే చెప్పాలి. నల్లగా మెరిసే ఆ పళ్లేన్ని లక్కలో పలక రాయి లేదా సున్నపురాయి పొడి కలిపి అచ్చువేసేవారు. చేయి జారితే రికార్డు ముక్కలయ్యేది. అందుకే విదేశాల్లో కొన్నింటిని కలిపి, ఫొటోల పుస్తకంలా కుట్టిన అట్టసంచుల్లో దాచేవారు. ‘ఆల్బమ్’ అనే పేరు పాటలకు అలా వచ్చింది.