పాలసీసాల స్టెరిలైజర్ కొనాలా? పొయ్యి మీది గిన్నె చాలదా?

బారసాలకు వెళ్ళేవాళ్ళు ఒకప్పుడు వెండి ఉగ్గుగిన్నె పట్టుకెళ్ళేవారు. ఇప్పుడు బెంగళూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా మన ఇళ్ళ బారసాల కానుకల్లో స్టెరిలైజర్ పెట్టె కూడా కనబడుతోంది. దాన్ని ఎలా వాడాలో చెప్పే కాగితం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. పగలంతా బిడ్డను చూసుకునే అమ్మమ్మకో నాయనమ్మకో అది చదవడం రాకపోవచ్చు. దాంతో కొన్ని ఇళ్ళలో ఆ పెట్టె అటకెక్కుతోంది. మరికొన్ని ఇళ్ళలో మిషన్ ఉంది కదా అని చేయాల్సిన పని మానేస్తున్నారు. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం.

మా బృందంలో ఒకరి ఇంట్లో జరిగిన సంగతి చెబుతాం. పాపకు ఆరు నెలలు నిండాక తల్లి ఉద్యోగంలో చేరింది. సీసాలు రోజూ మిషన్‌లో పెట్టి తీస్తూనే ఉన్నారు. అయినా నెల తిరగకుండానే పాపకు రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరమ్మ మందు రాసిచ్చి, సీసా ఒకటి తెచ్చి చూపించమన్నారు. పీకను తిరగేసి చూస్తే లోపలి అంచు చుట్టూ పసుపుపచ్చని జిడ్డు పొర. విరేచనాలకు అదే కారణమని ఆమె ఖాయంగా చెప్పలేదు. కానీ ఆ పొర అక్కడ ఉండకూడదన్నారు. మిషన్‌లో ఏ లోపమూ లేదు. పీకను విప్పి తోమడం ఎవరికీ తోచలేదు, అంతే.

స్టెరిలైజర్ సీసాను తోమదు. శుభ్రంగా తోమిన సీసాలో మిగిలిన క్రిములను చంపుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాదంతా తేలిక.

ముందుగా ఒక మాట

పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టాలని, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, ఆ తర్వాత వేరే ఆహారంతో పాటు రెండేళ్ళో అంతకు మించో కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెబుతున్నాయి. మన దేశంలో 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం ప్రకారం పాలసీసాలకు, డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకు ఉచితంగా నమూనాలు పంచకూడదు. మేమూ ఈ వ్యాసంలో ఏ కంపెనీ పేరూ రాయడం లేదు. అయితే ఉద్యోగం వల్లనో, జబ్బు వల్లనో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కావడం వల్లనో సీసా గానీ పాలు పిండే పంపు గానీ వాడాల్సిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇది వాళ్ళ కోసం.

సీసా తప్పనిసరి కాదని కూడా గుర్తుంచుకోవాలి. మన ఉగ్గుగిన్నెనే తమిళంలో పాలాడై అంటారు, కన్నడంలో ఒళలె అంటారు. పాలు చీకలేని చిన్న బిడ్డలకు ఆసుపత్రుల్లో ఇప్పటికీ దానితోనే పాలు పట్టిస్తారు. దానికి సందులు, మరలు, పీకలు ఉండవు. కడగడం, మరిగించడం సీసా కంటే ఎంతో సులువు.

తోమడమే సగం పని

బిడ్డ తాగడం అవగానే సీసాను మూత, మర, పీక, లోపల గొట్టం ఉంటే అదీ విడివిడిగా విప్పాలి. ముందు చల్లటి నీళ్ళతో తొలవాలి. మొదటే వేడినీళ్ళు పోస్తే పాలు అడుగంటినట్టు అంటుకుంటాయి. తర్వాత గోరువెచ్చని సబ్బునీళ్ళలో బ్రష్‌తో తోమాలి. పీకను తిరగేసి లోపలి వైపు కూడా రుద్దాలి. ఆపైన పారే నీటి కింద సబ్బు పోయేదాకా కడగాలి.

కూర గిన్నెలు తోమే పీచు దీనికి వాడొద్దు. సింకులో నేరుగా వేయొద్దు. బిడ్డ సామానుకు ఒక బేసిన్, ఒక బ్రష్ వేరుగా పెట్టుకోండి. పంపు వాడేవాళ్ళు పాలు తగిలే భాగాలన్నీ ఇలాగే కడగాలి. మోటారును నీళ్ళలో ముంచకూడదు.

నాలుగు పద్ధతులు

పొయ్యి మీద మరిగించడం. పెద్ద గిన్నెలో సామాను పూర్తిగా మునిగేలా నీళ్ళు పోయాలి. సీసాలో గాలిబుడగ మిగిలితే ఆ చోటికి నీళ్ళు చేరవు, కాబట్టి వంచి గాలి పోనివ్వాలి. మూత పెట్టి, నీళ్ళు సలసల కాగడం మొదలయ్యాక 10 నిమిషాలు ఉంచితే చాలు. లెక్క పొయ్యి వెలిగించినప్పటి నుంచి కాదు, నీళ్ళు కాగడం మొదలైనప్పటి నుంచి. గాజుసీసాను చల్లటి నీళ్ళలోనే పెట్టి వేడి చేయాలి, కాగుతున్న నీళ్ళలో వేస్తే పగులుతుంది. ఈ పద్ధతిలో పీకలు త్వరగా అరుగుతాయి. అవి జిగటగా మారినా, చీలినా, ఉబ్బినా పారేయాలి.

కరెంటు ఆవిరి మిషన్. ఇది మన ఇడ్లీ పాత్ర లాంటిదే. అడుగున కొలిచి పోసిన నీళ్ళు ఆవిరై సీసాలకు తగులుతాయి. ఆవిరి లోపలికి వెళ్ళాలంటే సీసా మూతి కిందికి ఉండాలి, ఒకదానిలో ఒకటి దూర్చి పేర్చకూడదు. పని అయిన వెంటనే మూత తీస్తే చెయ్యి కాలుతుంది. మరి ఇడ్లీ పాత్రలోనే పెట్టేస్తే పోలేదా అని కొందరు అడుగుతారు. ఆవిరి అన్ని సీసాలకూ ఎంతసేపు అందిందో అందులో తెలియదు. దానికంటే నీళ్ళలో ముంచి మరిగించడమే నమ్మకం.

మైక్రోవేవ్ డబ్బా. ఇదీ ఆవిరితోనే పనిచేస్తుంది. స్టీలు సీసా, వెండి ఉగ్గుగిన్నె ఇందులో పెట్టకూడదు.

మందు కలిపిన చల్లటి నీళ్ళు. సీసాల కోసమే తయారైన క్లోరిన్ బిళ్ళను చెప్పిన కొలత నీళ్ళలో కలిపి, సామాను పూర్తిగా ముంచి కనీసం 30 నిమిషాలు ఉంచాలి. ఆ నీళ్ళను 24 గంటలకొకసారి మార్చాలి. కరెంటు లేని చోట, ప్రయాణాల్లో ఇది ఉపయోగం. లోహపు సామానుకు మాత్రం పనికిరాదు.

వీటితో పాటు అతినీలలోహిత కాంతి మిషన్లూ వస్తున్నాయి. కాంతి పడిన చోటే అవి పనిచేస్తాయి. మడతల్లో, నీడపడే చోట, పాలజిడ్డు వెనక ఉన్న క్రిములకు కాంతి చేరదు. దీన్ని నమ్ముకుని మిగతా జాగ్రత్తలు వదలొద్దు.

మన ఇంటికి ఏది?

సరిగ్గా చేస్తే పొయ్యి మీది గిన్నె మిషన్‌కు తీసిపోదు. మిషన్ ఇచ్చేది సౌకర్యం. పని కాగానే దానంతటదే ఆగిపోతుంది, కాబట్టి పొయ్యి దగ్గర కాపలా ఉండక్కర్లేదు. రోజుకు ఒకటి రెండు సీసాలు వాడే ఇంట్లో గిన్నె చాలు. ఐదారు సీసాలు, పంపు భాగాలు ఉండి, చేసే మనిషి ఒక్కరే అయితే ఆవిరి మిషన్ కొనడం దండగ కాదు.

కొనేముందు ఈ నాలుగూ చూడండి. మీ దగ్గరున్న సీసాలు, ముఖ్యంగా వెడల్పు మూతివి, అందులో పడతాయా? నీళ్ళు అయిపోగానే తానే ఆగుతుందా? మీ ఊళ్ళో రిపేరు చేసేవాళ్ళున్నారా? మీ ఇంటి నీళ్ళు ఎలాంటివి?

చివరి ప్రశ్న చిన్నది కాదు. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో మిషన్ అడుగున తెల్లగా గార కడుతుంది. గార పేరుకుంటే పళ్ళెం సరిగా వేడెక్కదు, మిషన్ త్వరగా పాడవుతుంది. మంచినీళ్ళ ఫిల్టరు నీళ్ళు పోస్తే గార తగ్గుతుంది. కట్టిన గారకు నీళ్ళలో వెనిగర్ కలిపి కాసేపు నానబెట్టి, శుభ్రంగా కడిగేస్తే సరిపోతుంది. ఇనుప పీచుతో గీకొద్దు.

సీసా విషయంలోనూ జాగ్రత్త. చట్టం ప్రకారం పాలసీసాకు భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు ఉండాలి. ప్లాస్టిక్ సీసాల ప్రమాణం ఐఎస్ 14625. 2015లో సవరించిన ఈ ప్రమాణం పాలికార్బనేట్ ప్లాస్టిక్‌ను పాలసీసాలకు వాడనివ్వదు. అటక మీద అన్న పిల్లల నాటి పాత సీసాలుంటే వాటిని మరిగించి మళ్ళీ వాడే ఆలోచన మానుకోండి.

తీశాక చేసే తప్పు

ఇంత శ్రమా చివరి నిమిషంలో పోయే చోటు ఒకటుంది. వేడి సీసాను బయటికి తీసి, తడిగా ఉందని కొంగుతోనో వంటింటి గుడ్డతోనో తుడిచేస్తాం. మన అమ్మమ్మలు ప్రేమతో చేసే పనే ఇది. కానీ ఆ గుడ్డ మీది క్రిములన్నీ సీసాలోకి వెళ్తాయి. తుడవొద్దు. చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించిన పట్టకారుతోనే తీయండి. లోపలి నీటిచుక్కలు దులిపేస్తే చాలు. వెంటనే వాడకపోతే మూత తీయకుండా గిన్నెలోనో మిషన్‌లోనో ఉండనివ్వండి. లేదా పీక, మూత బిగించి పెట్టండి.

సీసా శుభ్రమైతే చాలదు

డబ్బా పాలపొడి క్రిములు లేని వస్తువు కాదు. అందులో సాల్మొనెల్లా, క్రోనోబాక్టర్ లాంటివి ఉండే అవకాశం ఉంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పొడిని కనీసం 70 డిగ్రీల వేడి ఉన్న నీళ్ళలో కలపమంటోంది. ఒక లీటరు నీళ్ళు మరిగించి, అరగంట దాటకముందే వాడితే ఆ వేడి ఉంటుంది. ముందు నీళ్ళు, తర్వాత డబ్బాపై చెప్పినన్ని చెంచాల పొడి. కలిపాక సీసాను చల్లటి నీళ్ళలో ఉంచి చల్లార్చి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసి పట్టాలి. తాగగా మిగిలినవి దాచొద్దు. కలిపి రెండు గంటలు దాటిన పాలు పారబోయాలి. క్యాన్ నీళ్ళయినా సరే మరిగించాల్సిందే.

ఎన్నాళ్ళు చేయాలి?

రెండు నెలలలోపు బిడ్డలకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్ళకు ఇది చాలా ముఖ్యం. బ్రిటన్ ఆరోగ్య సేవా సంస్థ ఏడాది నిండేదాకా చేయమంటుంది. మన ఎండలకు, మన నీళ్ళకు ఆ ఏడాది లెక్కే పాటించడం మంచిది. ఆ తర్వాత కూడా తోమడం మాత్రం ఆగదు.

కాగే గిన్నెను పాకే పిల్లలకు అందకుండా వెనక పొయ్యి మీద, కాడ లోపలికి తిప్పి పెట్టండి.

మీ ఇంట్లో మిషన్ ఉంటే ఈ రోజే ఒక పని చేయండి. పీక ఒకటి తీసి, తిరగేసి, వెలుతురులో పట్టి చూడండి. తర్వాత ఈ వ్యాసాన్ని బిడ్డను చూసుకునే పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. పెట్టెలో వచ్చిన కాగితం వాళ్ళకు చెప్పలేని సంగతి వాళ్ళ భాషలోనే వాళ్ళకు తెలుస్తుంది.