కుండీల గోపురంలో స్ట్రాబెర్రీ

పట్టణాల్లో ఇళ్ళకు పెరడు కరువైపోయింది. చాలామందికి మిగిలింది డాబా, కాకుంటే ఒక చిన్న వసారా. అందుకే అంగళ్ళలో ఒకదాని మీద ఒకటి నిలిపే కుండీలు అమ్ముతున్నారు. అయిదింటిని పేరిస్తే చిన్న గోపురంలా నిలబడుతుంది. ఒక్కొక్క అంతస్తులో నాలుగు వైపులా నాలుగు గూళ్ళుంటాయి. గూటికొక మొక్క చొప్పున మొత్తం ఇరవై మొక్కలు. పెట్టె మీద ఎర్రని స్ట్రాబెర్రీ పళ్ళు గుత్తులుగా వేలాడుతున్న బొమ్మ ఉంటుంది. అడుగు స్థలంలో తోటంతా పెంచవచ్చునని అమ్మేవారు చెబుతారు.

ఈ మాటలో సగమే నిజం. ఇరవై మొక్కలు పట్టడం నిజమే. కాని ఇరవై మొక్కలకూ తోటలో అందినంత ఎండా, అందినంత నీరూ అందుతాయా? ఈ ప్రశ్న వేసుకోకుండా కుండీలు కొన్నవారి డాబాల మీద తరచు కనిపించే దృశ్యం ఇది: పై అంతస్తులో మొక్కలు వాడిపోతుంటాయి, అడుగు అంతస్తులో కుళ్ళిపోతుంటాయి, నడిమివి మాత్రమే నాలుగు పళ్ళు కాస్తాయి. ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే దాన్ని చాలావరకు తప్పించవచ్చు. ఇందుకు మీ పాఠ్యపుస్తకాల్లోని భౌతికశాస్త్రమూ, కొద్దిపాటి లెక్కలూ చాలు.

మొక్క స్వభావం

స్ట్రాబెర్రీ గులాబీ కుటుంబానికి చెందిన చిన్న మొక్క. కాండం చాలా పొట్టిది. నేలకు ఆనుకొని ఒక గుబ్బలా ఉంటుంది. ఆకులు, పూలకాడలు, వేళ్ళు అన్నీ ఆ గుబ్బ నుంచే పుడతాయి. దీన్ని క్రౌన్ అంటారు. వేళ్ళలో ఎక్కువభాగం పైనున్న 15 సెంటీమీటర్ల మట్టిలోనే వ్యాపిస్తుంది. అందువల్ల లోతు తక్కువ కుండీ కూడా దీనికి సరిపోతుంది. పళ్ళు అంచు మీదుగా కిందికి వేలాడతాయి కనుక తడిమట్టికి తగిలి చెడిపోవు. గోపురపు కుండీలకు ఈ మొక్కను ఎన్నుకోవడానికి కారణాలు ఇవే.

దీని పుట్టుక చిత్రమైనది. 1712లో ఫ్రెజియే అనే ఇంజనీరును ఫ్రెంచి ప్రభుత్వం దక్షిణ అమెరికా తీరాల పటాలు గీయడానికి పంపింది. 1714లో తిరిగివస్తూ ఆయన చిలీ నుంచి పెద్ద పళ్ళు కాసే స్ట్రాబెర్రీ మొక్కలను తెచ్చాడు. అవి ఫ్రాన్సులో ఏపుగా పెరిగాయి, పూశాయి, కాని కాయలేదు. తెచ్చినవన్నీ ఆడమొక్కలే! ఉత్తర అమెరికా నుంచి అంతకు ముందే వచ్చిన వర్జీనియా రకాన్ని పక్కన నాటిన చోట, దాని పుప్పొడి అంది కాపు వచ్చింది. ఈ రెండు జాతుల సంకరమే నేటి తోట స్ట్రాబెర్రీ. ఈ సంగతిని 1766లో వివరించిన డ్యుషేన్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళయినా నిండలేదు.

తల్లిదండ్రులిద్దరూ చల్లని ప్రదేశాలవారే కనుక స్ట్రాబెర్రీకి చలి అంటే ఇష్టం. ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ దాటితే పూమొగ్గలు ఏర్పడడం తగ్గిపోతుంది. అప్పుడది పూలకు బదులు నేలబారు తీగలను సాగదీసి, వాటి కణుపుల దగ్గర పిల్లమొక్కలను పెడుతుంది. చాలా రకాలకు పగటి నిడివి 14 గంటల కన్నా తక్కువగా ఉంటే పూత వస్తుంది. హైదరాబాదులో అన్నిటికన్నా పొడవైన పగలు కూడా సుమారు 13 గంటలే. అంటే మనకు పగటి నిడివితో పేచీ లేదు. అడ్డువచ్చేది వేడి ఒక్కటే. మన దేశంలో స్ట్రాబెర్రీకి పేరుపొందిన మహాబలేశ్వర్ సహ్యాద్రి కొండల మీద ఉండడానికీ, మన విశాఖ మన్యంలోని లంబసింగిలో ఈ పంట పండడానికీ కారణం అదే. మైదానాల్లో ఉన్నవారు దీన్ని శీతాకాలపు పంటగానే పెంచాలి. తెలంగాణ పీఠభూమిలో డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగా ఉంటాయి. కోస్తా పట్టణాల్లో అంత చలి ఉండదు కనుక అక్కడ కాపును తక్కువగానే ఆశించాలి.

ఎండ లెక్క

ఇక లెక్క వేద్దాం. నేల మీద అయితే మొక్కకూ మొక్కకూ మధ్య 30 సెంటీమీటర్ల దూరం ఉంచుతాం అనుకోండి. ఒక్కొక్క మొక్కకు 30 × 30 = 900 చదరపు సెంటీమీటర్లు. ఇరవై మొక్కలకు 18,000 చదరపు సెంటీమీటర్ల నేల కావాలి. మన గోపురం వెడల్పు 30 సెంటీమీటర్లు, ఎత్తు ఒక మీటరు అనుకుంటే అది ఆక్రమించే నేల 900 చదరపు సెంటీమీటర్లే. స్థలం ఇరవై వంతుల్లో ఒక వంతుకు తగ్గింది. ఇక్కడి వరకు అమ్మేవారి మాట నిజం.

మరి ఎండ? ఎండను కొలవడానికి సులువైన సాధనం నీడ. గోపురం అడ్డుకొన్న ఎండే నేల మీద నీడగా కనిపిస్తుంది. డిసెంబరు మూడో వారంలో హైదరాబాదులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణ దిక్కున సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు మీటరు ఎత్తు గోపురం నీడ ఉత్తరానికి సుమారు 87 సెంటీమీటర్లు పడుతుంది. నీడ వైశాల్యం 87 × 30 = 2,610 చదరపు సెంటీమీటర్లు. గోపురం నిలుచున్న 900 చదరపు సెంటీమీటర్లు కూడా కలిపితే 3,510. నేల మీది మడికి 18,000 చదరపు సెంటీమీటర్ల ఎండ దొరికితే, అదే సమయంలో గోపురానికి దొరికింది అందులో అయిదో వంతు మాత్రమే! ఉదయం, సాయంకాలం నీడ పొడవుగా సాగుతుంది కనుక గోపురం వాటా కొంత పెరుగుతుంది. అయితే ఆ వేళల్లో ఎండ తీక్షణత తక్కువ.

కిరణజన్య సంయోగక్రియకు వెలుతురే మూలధనం. ఆకు ఎంత వెలుతురు తీసుకుంటే అంత చక్కెర తయారవుతుంది, ఆ చక్కెరే పండులోకి చేరుతుంది. కాబట్టి గోపురంలోని ఒక్కొక్క మొక్క తోటలోని మొక్క అంత కాయకపోతే ఆశ్చర్యపడనక్కరలేదు. గోపురం ఆదా చేసేది స్థలాన్ని మాత్రమే. ఎండను అది కొత్తగా పుట్టించలేదు.

దీని నుంచి మూడు పాఠాలు నేర్చుకోవచ్చు. మొదటిది: సెప్టెంబరు 23 నుంచి మార్చి 21 దాకా మనకు సూర్యుడు రోజంతా దక్షిణం వైపే ఉంటాడు. అంటే శీతాకాలమంతా గోపురం ఉత్తరపు ముఖం మీద నేరుగా ఎండ పడనే పడదు. రెండు మూడు రోజులకొకసారి గోపురాన్ని పావుచుట్టు తిప్పితే నాలుగు వైపుల మొక్కలకూ వంతు వస్తుంది. తిప్పడం వీలుకాకపోతే ఉత్తరపు గూళ్ళలో కొద్దిపాటి నీడను ఓర్చుకొనే పుదీనా వేయండి. రెండవది: రెండు గోపురాలు ఉంటే ఒకదాని నీడ రెండోదాని మీద పడకూడదు. ఒకటి రెండోదానికి ఉత్తరాన ఉంటే నడుమ మీటరు ఎడమైనా ఉండాలి. మూడవది: ఒక అంతస్తు గూళ్ళ కింద సరిగ్గా మరో అంతస్తు గూళ్ళు రాకుండా ఎడంగా తిప్పి పేర్చండి. బొమ్మల కొలువు మెట్ల మాదిరిగా వరుసలను వెనక్కి జరుపుతూ అమర్చగలిగితే ఇంకా మంచిది. మెట్ల అమరికలో పైవాడి నీడ కిందివాడి మీద పడదు.

స్పంజి చెప్పే పాఠం

ఇప్పుడు నీటి సంగతి. ముందు ఒక ప్రయోగం చేయండి. ఇటుక ఆకారంలో ఉన్న స్పంజిని నీటిలో పూర్తిగా ముంచి, పిండకుండా పైకి తీసి, వెడల్పు వైపు కిందికి ఉండేలా పట్టుకోండి. నీరు కారికారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని మెల్లగా నిలువుగా తిప్పండి. మళ్ళీ నీరు కారుతుంది! స్పంజి అదే, రంధ్రాలు అవే. మారింది ఎత్తు మాత్రమే.

దీపపు వత్తిలో నూనె పైకి పాకేది దేనివల్ల? కేశనాళికీయత వల్ల. మట్టిరేణువుల నడుమ సన్నని సందుల్లో నీరు నిలిచేది కూడా అందువల్లనే. గురుత్వాకర్షణ ఆ నీటిని కిందికి లాగుతుంది. రెండింటికీ పొత్తు కుదిరిన చోట, కుండీ అడుగున నీటితో నిండిన ఒక పొర మిగిలిపోతుంది. అడుగున చిల్లులున్నా సరే, ఆ పొర దానంతట అది బయటికి పోదు. దాని మందం మట్టిని బట్టి ఉంటుంది, కుండీ ఎత్తును బట్టి కాదు. ఆ పొర 4 సెంటీమీటర్లు అనుకుందాం. 20 సెంటీమీటర్ల కుండీలో అది అయిదో వంతు. 10 సెంటీమీటర్ల కుండీలో సగానికి దగ్గర. ఆ పొరలో గాలి ఉండదు. గాలి లేనిచోట వేళ్ళు శ్వాసించలేక కుళ్ళిపోతాయి.

అందుచేత 15 సెంటీమీటర్ల కుండీలు అయిదింటిని పేరిస్తే అది 75 సెంటీమీటర్ల కుండీ అయిపోదు. ప్రతి అంతస్తుకూ దాని అడుగు దానిదే, దాని తడిపొర దానిదే. అడుగున గులకరాళ్ళు పోస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి సన్నని సందుల్లోని నీరు పెద్ద సందుల్లోకి అంత సులభంగా దిగదు. తడిపొర రాళ్ళ మీదికి జరిగి వేళ్ళకు మరింత దగ్గరవుతుంది. రాళ్ళకు బదులు మిశ్రమమే గుల్లగా ఉండాలి. కోకోపీట్ పేరుతో అమ్మే కొబ్బరి పీచు పొట్టు రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువో వానపాముల ఎరువో ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు కలపండి. పొట్టులో ఉప్పు ఉంటుంది కనుక ముందుగా రెండు మూడుసార్లు మంచినీటితో కడగాలి.

ఉప్పు మాట ఎందుకు వచ్చిందంటే, పంటలన్నిటిలో ఉప్పును బొత్తిగా ఓర్వలేనివాటిలో స్ట్రాబెర్రీ ఒకటి. పైన పోసిన నీరు అంతస్తు అంతస్తూ దిగుతూ అక్కడి లవణాలను కరిగించుకొని పోతుంది. అడుగు చిల్లులు మూసుకుపోతే ఆ లవణాలన్నీ చివరి అంతస్తులో పేరుకుంటాయి. ఆకుల అంచులు గోధుమరంగుకు మారి ఎండిపోవడం దీనికి గుర్తు. ఉప్పగా ఉండే బోరునీరు వాడకండి. పట్టి ఉంచిన వాననీరు శ్రేష్ఠం. మరోవైపు, ఎండా గాలీ ఎక్కువగా తగిలే పై అంతస్తు అన్నిటికన్నా ముందు ఎండిపోతుంది. కాబట్టి ఒకే కొలత అన్ని అంతస్తులకూ పనికిరాదు. ప్రతి అంతస్తులోనూ వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, పొడిగా తగిలిన చోటే నీరు పోయాలి.

పండు కాని పండు

మనం తినే ఎర్రని భాగం నిజమైన పండు కాదు. అది ఉబ్బిన పుష్పాసనం. దాని మీద గింజల్లా కనిపించేవే అసలు ఫలాలు. ఒక్కో దానిలో ఒక్కొక్క విత్తనం ఉంటుంది. ఒక స్ట్రాబెర్రీ మీద ఇవి సుమారు 200 ఉంటాయి. 1950లో నిచ్ అనే శాస్త్రజ్ఞుడు లేత కాయ మీది ఈ చిన్న ఫలాలను గిల్లివేసి చూశాడు. కాయ పెరగడం ఆగిపోయింది. వాటికి బదులు ఆక్సిన్ వర్గపు పదార్థాన్ని పూస్తే మళ్ళీ పెరిగింది. అంటే పుష్పాసనాన్ని ఉబ్బించే ఆజ్ఞ ఆ గింజల నుంచే వస్తున్నదన్నమాట.

డాబా మీద ఈ జ్ఞానం పనికివస్తుంది. పువ్వులో ఒక పక్కకు పుప్పొడి అందకపోతే ఆ పక్క గింజలు ఎదగవు, ఆక్సిన్ రాదు, పండు వంకరపోతుంది. పై అంతస్తుల ఇళ్ళకు తేనెటీగలు తక్కువగా వస్తే, ఉదయంపూట మెత్తని బొమ్మల కుంచెతో ప్రతి పువ్వు మధ్యభాగాన్నీ గుండ్రంగా సుతారంగా రాయండి. పూసిన సుమారు నెలకు పండు ఎర్రబడుతుంది.

నాటే విధానం

అక్టోబరు చివర లేదా నవంబరులో నర్సరీ నుంచి పిల్లమొక్కలు తెచ్చుకోండి. క్రౌన్ సరిగ్గా మట్టి మట్టానికి ఉండాలి. లోతుగా పూడిస్తే కుళ్ళుతుంది, పైకి తేలితే వేళ్ళు ఎండిపోతాయి. కాపు కాలంలో వచ్చే తీగలను తుంచివేయండి. లేకపోతే పండుకు చేరవలసిన ఆహారం వాటికి పోతుంది. తడిసిన మిశ్రమం లీటరు ఇంచుమించు కిలో తూగుతుంది. అయిదేసి లీటర్ల కుండీలు అయిదు పేరిస్తే పాతిక కిలోలు. గాలికి ఒరగకుండా గోడకో, స్తంభానికో ఆసరాగా నిలపండి. ఇది పెద్దల సాయంతో చేయవలసిన పని.

మీరే పరీక్షించండి

ఒక నోటుపుస్తకంలో పట్టిక గీయండి. అయిదు అంతస్తులకు అయిదు వరుసలు. వేలికి తగిలిన తడి, పువ్వుల సంఖ్య, పళ్ళ సంఖ్య, పళ్ళ బరువు అని నాలుగు గడులు. పోల్చడానికి ఇంకొక మొక్కను మామూలు కుండీలో విడిగా, పూర్తి ఎండలో ఉంచి దానికొక వరుస కేటాయించండి. వారానికి ఒకసారి నింపుతూ మార్చి నెలాఖరు దాకా కొనసాగించండి. ఏ అంతస్తు ఎంత కాసిందో, ఒంటరి మొక్క ఎంత కాసిందో అప్పుడు అంకెలే చెబుతాయి. ఇంట్లో ఎవరైనా రెండో గోపురం కొందామంటే ముందుగా ఈ పట్టిక వారికి చూపించండి.