మూడో మనిషికి చోటులేని పుష్పకం

పుష్పక విమానం గురించి మనవాళ్ళందరికీ తెలిసిన ముచ్చట ఒకటి ఉంది. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందట. హైదరాబాదు చిక్కడపల్లిలో కిక్కిరిసిన బస్సులోకి ఇంకో నలుగురు తోసుకుని ఎక్కుతుంటే ఎవరో ఒకరు ఈ మాట అననే అంటారు. 1958లో బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు తాము కట్టిన బుల్లి విమానానికి పుష్పక్ అని పేరు పెట్టేటప్పుడు ఈ సంగతి మరిచారో, కావాలనే వేళాకోళం ఆడారో తెలియదు గానీ అందులో సీట్లు రెండే. పక్కపక్కన, భుజాలు రాసుకుంటూ కూర్చోవాలి. ఇద్దరూ భారీ మనుషులైతే ఆ పూట పెట్రోలు తగ్గించి పోసుకోవాలి.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమాహాళ్ళ నీడలో పెరిగిన మాకు పుష్పక్ అనగానే సింగీతం శ్రీనివాసరావు 1987 నాటి మాటల్లేని సినిమా గుర్తొస్తుంది. అక్కడ పుష్పక్ ఓ పెద్ద హోటల్ పేరు. నేను చెప్పబోయేది నిజంగా ఎగిరిన పుష్పక్ సంగతి. గాంధీనగర్‌లో మా మిద్దె మీద సంక్రాంతికి పతంగులు ఎగరేసేవాళ్ళం. బేగంపేట వైపు ఆకాశంలో పెద్ద విమానాలు పోతుంటే ఎవరూ తల ఎత్తేవాళ్ళు కాదు. చిన్న విమానం ఒకటి గర్రుమంటూ తాపీగా తిరుగుతుంటే మాత్రం చరఖా పక్కవాడి చేతిలో పెట్టి చూస్తూ నిలబడేవాణ్ణి. దాని తీరు మా పతంగి తీరులాగే ఉండేది. గాలి కొంచెం కొట్టినా ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ సర్దుకునేది.

ఆ పోలిక ఊరికే తోచింది కాదు. పతంగి, పుష్పక్ దాదాపు ఒకే సూత్రం మీద బతుకుతాయి. దారం కట్టే చోటు ఒక్క వేలు అటూఇటూ అయితే పతంగి గాలికి సరైన వాలులో నిలబడదు. వాలు తక్కువైతే లేవదు, ఎక్కువైతే గింగిరాలు కొట్టి కూలుతుంది. రెక్కకూ అంతే. ఎదురొచ్చే గాలిని కిందికి నెడుతుంది, గాలి దాన్ని పైకి నెడుతుంది. వాలు 15, 16 డిగ్రీలు దాటితే రెక్క పైభాగాన్ని అంటుకుని పారాల్సిన గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది, రెక్క బరువు మోయడం మానేస్తుంది. దాన్నే స్టాల్ అంటారు. రెక్క పైన దారి పొడవు కాబట్టి గాలి పరుగెత్తి కింది గాలిని కలుసుకుంటుందని నేను చదివిన గైడులో రాసుండేది. అది తప్పు. పై గాలికి కింది గాలిని కలుసుకోవాలన్న మొక్కేమీ లేదు. నిజానికి అది కింది గాలి కంటే ముందే వెనక అంచు చేరుతుంది. పతంగికి గాలి దానంతటది వీచాలి, విమానం తన గాలిని తానే పుట్టించుకుంటుంది. దారం చేసే పని అక్కడ ఇంజను చేస్తుంది.

పుష్పక్ పుట్టుకకు కారణం పాత విమానాల ముసలితనం. 1928 నుంచి మన దేశంలో ఫ్లయింగ్ క్లబ్బులు మొదలయ్యాయి. వాటిలో ఎగిరేవి ఎక్కువగా ఇంగ్లండు నుంచి వచ్చిన మాత్ రకం రెండు రెక్కల విమానాలు. జె.ఆర్.డి. టాటా 1929 ఫిబ్రవరి 10న దేశంలో మొదటి నంబరు పైలట్ లైసెన్సు అందుకున్నది బొంబాయి క్లబ్బులోనే. మూడేళ్ళకు, 1932 అక్టోబరు 15న, పుస్ మాత్ ఎక్కి కరాచీ నుంచి బొంబాయికి టపా మోశాడు. అక్కడి నుంచి బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చినవాడు నెవిల్ వింట్సెంట్. స్వాతంత్ర్యం వచ్చాక క్లబ్బులైతే ఉన్నాయి, వాటికి చవకలో దొరికే కొత్త విమానం లేదు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో వి.ఎం. ఘాటగే ఆధ్వర్యంలో 1951లో హెచ్‌టీ-2 అనే శిక్షణ విమానం ఎగిరింది గానీ, దాని దారి ఎక్కువగా వైమానిక దళం వైపు. క్లబ్బుల కోసం అంతకంటే తేలికైనది, ఊళ్ళో మెకానిక్ బాగుచేయగలిగినది కావాల్సి వచ్చింది.

అమెరికాలో ఏరోంకా అనే కంపెనీ యుద్ధం అయ్యాక చీఫ్ అనే రెండు సీట్ల విమానాన్ని అమ్మింది. పుష్పక్‌కు ఆధారం అదే. పైన ఒకే రెక్క, దాన్ని పట్టి ఉంచే ఏటవాలు కమ్మీలు, ఉక్కు గొట్టాలు అతికిన ఒళ్ళు, దాని మీద గుడ్డ. 1958 సెప్టెంబరు 28న తొలిసారి ఎగిరింది. మొత్తం సుమారు 160 తయారయ్యాయి. రెక్కల ఆ కొస నుంచి ఈ కొసకు 11 మీటర్లు. ఇద్దరు మనుషులు, పెట్రోలు కలిపి మొత్తం బరువు 600 కిలోలకు అటూఇటూ. అంటే ఖాళీ మారుతీ 800 కంటే తక్కువ.

గుడ్డ అనగానే భయపడేవాళ్ళు ఉంటారు. చట్రం మీద గుడ్డను కుట్టి బిగించాక దానికి డోప్ అనే జిగురులాంటి లక్కను పూతలు పూతలుగా పూస్తారు. ఘాటైన వాసన, తల తిరుగుతుంది. అది ఆరేకొద్దీ గుడ్డ ముడుచుకుని బిగుసుకుంటుంది. డప్పును మంట దగ్గర కాచినప్పుడు చర్మం బిగిసినట్టే. వేలితో కొడితే ఢం అనాలి. మెత్తగా అణిగితే ఆ గుడ్డ రోజులు అయిపోయినట్టు. ఎండ దానికి పెద్ద శత్రువు. అందుకే పూతల్లో అల్యూమినియం పొడి కలిపి ఎండను అడ్డుకుంటారు, ఎగరనప్పుడు షెడ్డు నీడలో ఉంచుతారు.

ఇంజను కాంటినెంటల్ కంపెనీది, నాలుగు సిలిండర్లు, 90 గుర్రాల బలం. రెండు మారుతీ 800 ఇంజన్లకు కాస్త పైన, అంతే. నిమిషానికి 2500 చుట్లకు లోపే తిరుగుతుంది. కారు ఇంజను దీనికి రెట్టింపు తిరుగుతుంది కదా అనుకోవచ్చు. ఇక్కడ ప్రొపెల్లర్‌ను నేరుగా ఇంజను ఇరుసుకే బిగించారు. చుట్లు పెంచితే దాని కొసలు ధ్వని వేగం దగ్గరికి పోతాయి, చప్పుడు పెరుగుతుంది గానీ లాగే బలం పెరగదు. అందుకని నింపాదిగా తిరిగే ఇంజను పెద్ద సిలిండర్లతో పని జరుపుతుంది.

ఈ రకం ఇంజనుకు సెల్ఫ్ స్టార్టర్ లేదు. ఒక మనిషి ముందు నిలబడి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. ముందు లోపలున్నవాణ్ణి అడుగుతాడు, "స్విచ్ ఆఫ్?" లోపలి నుంచి "ఆఫ్" అని బదులు వస్తుంది. రెండు మూడు చుట్లు తిప్పి సిలిండర్లలోకి పెట్రోలు పీల్పిస్తాడు. తర్వాత "కాంటాక్ట్!" లోపలివాడు అదే మాట తిరిగి చెప్పి స్విచ్ వేస్తాడు. బయటివాడు ప్రొపెల్లర్ ఆకును రెండు చేతుల వేళ్ళతో పట్టీపట్టనట్టు పట్టి, ఒక్క ఊపు కిందికి లాగి, ఆ ఊపులోనే వెనక్కి అడుగు వేస్తాడు. వేళ్ళు చుట్టి గట్టిగా పట్టుకోవడం ఇక్కడ పనికిరాదు. ఇంజను అందుకుందంటే ఆకు కనిపించదు.

బ్యాటరీ లేకుండా నిప్పురవ్వ ఎక్కడిది? లూనా తొక్కినవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మాగ్నెటోలో అయస్కాంతం తిరుగుతుంది, తీగచుట్టలో కరెంటు పుడుతుంది, సరిగ్గా సమయానికి ఆ కరెంటు దారి తెంచితే వేల వోల్టులు లేచి ప్లగ్గులో రవ్వ దూకుతుంది. ఇంజను తిరిగినంతసేపూ తన నిప్పు తానే పుట్టించుకుంటుంది. విమానానికి ఇలాంటివి రెండు పెడతారు. ఒక్కో సిలిండరుకు రెండు ప్లగ్గులు, ఒక మాగ్నెటో పోయినా రెండోది ఇంటికి చేరుస్తుంది. ఎగరబోయే ముందు ఒక్కొక్కటీ ఆపి, ఇంజను వేగం ఎంత పడుతుందో చూసుకోవాలి.

ఈ ఇంజనుకో విచిత్రమైన జబ్బు ఉంది. వానాకాలం హైదరాబాదులో, బయట 25 డిగ్రీలున్నా, ఇంజను లోపల మంచు గడ్డకట్టవచ్చు. ఎండాకాలం రంజన్‌లో నీళ్ళు చల్లబడతాయి చూడండి, కుండ చెమ్మ ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. కార్బ్యురేటర్ గొంతులో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు జరిగేదీ అదే, కాకపోతే చాలా తీవ్రంగా. దానికి తోడు ఇరుకు గొంతులో గాలి ఒత్తిడి పడి ఇంకా చల్లబడుతుంది. గాలిలోని తేమ మంచై ఆ గొంతును నొక్కేస్తుంది. ఇంజను దగ్గుతుంది, బలం తగ్గుతుంది. మందు తేలిక. ఒక పిడి లాగితే పొగగొట్టం దగ్గర వేడెక్కిన గాలి లోపలికి వస్తుంది. లాగగానే కరిగిన నీళ్ళు మింగి ఇంజను ఇంకా గట్టిగా దగ్గుతుంది. అప్పుడు భయపడి పిడి వెనక్కి నెట్టేసినవాడికే కష్టం.

ఎగరడం కంటే దిగడం దగ్గరే పుష్పక్ అసలు గుణం బయటపడుతుంది. దీనికి ముందు రెండు చక్రాలు, తోక కింద బుల్లి చక్రం. బరువంతా ముందు చక్రాలకు వెనకగా ఉంటుంది. సైకిల్ రిక్షాను వెనక్కి తోసి చూడండి. నేరుగా పోతున్నంతసేపు బాగానే ఉంటుంది. కొంచెం వంకర పోయిందా, ఆ వంకర తనంతట తానే పెరిగి రిక్షా గిరుక్కున తిరుగుతుంది. నేల మీద పరుగెత్తే తోక చక్రం విమానానిదీ ఆ తీరే. వంకర కంటికి కనిపించేలోపే కాళ్ళు పెడళ్ళు నొక్కాలి. పక్కగాలి వీస్తుంటే కుడి, ఎడమ, మళ్ళీ కుడి, ఆగేదాకా కాళ్ళు కుదురుగా ఉండవు. కొత్తవాళ్ళకు ఇక్కడే చెమటలు పడతాయి. చేతులతో కారు నడిపిన అలవాటు కాళ్ళకు దిగడానికి గంటలు గంటలు పడుతుంది.

పేరున్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళు విమానాల మీద మోజు పడటం మనం చూస్తూనే ఉన్నాం. బేగంపేటలో విమానాల ప్రదర్శన జరిగితే తెల్లగా మెరిసే జెట్ల ముందు ఫొటోలకు కొదవ ఉండదు. నా లెక్కలో అది కొనుక్కునే మోజు. జెట్‌లో యజమాని వెనక తోలు సీటులో కూర్చుంటాడు, నడిపేది జీతగాళ్ళు. ఎగిరే పిచ్చి వేరు. దాన్ని గుర్తుపట్టాలంటే ఆ మనిషి తీరిక వేళల్లో ఏం నడుపుతున్నాడో చూడాలి. జె.ఆర్.డి. 1982లో, 78వ ఏట, తాను స్థాపించిన విమానసంస్థను ఎప్పుడో బోయింగుల దాకా తెచ్చినవాడు, మళ్ళీ లెపర్డ్ మాత్ ఎక్కి కరాచీ నుంచి బొంబాయికి ఒంటరిగా వచ్చాడు.

కల్పనా చావ్లా సంగతి మరీ ముచ్చట. కర్నాల్‌లో చిన్నప్పుడు క్లబ్బు విమానాలను చూసి నాన్నను అడిగితే, ఆయన తీసుకెళ్ళి ఎక్కించింది పుష్పక్‌లోనూ, ఇంజను లేని గ్లైడర్‌లోనూ. ఆ తర్వాత ఆమె అమెరికా వెళ్ళి, గ్లైడర్ల నుంచి నీటి మీద వాలే విమానాల దాకా లైసెన్సులు తెచ్చుకుంది, ఇతరులకు నేర్పే అర్హత కూడా సంపాదించింది. అంతరిక్షం చూసొచ్చినామె ఇష్టాలేమిటంటే, నాసా ఇచ్చిన పరిచయంలో గాలిలో పల్టీలు, తోక చక్రం విమానాలు అని ఉంది. ఆ రెండో మాట చదివినప్పుడు నాకు కర్నాల్ పుష్పక్ కళ్ళముందు మెదిలింది.

మన ఊరికీ ఇందులో వాటా ఉంది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌ను 1947లో, మిగతా సంస్థలు కాదన్నాక, ఉద్యోగంలోకి తీసుకున్నది హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్. 1949లో జాతీయ విమాన పందెం గెలిచింది ఆమే. సికింద్రాబాద్‌లో పుట్టి, తెలుగులో 'ప్రేమ పుస్తకం'తో హీరోగా వచ్చి, తమిళంలో పెద్ద తార అయిన అజిత్ కుమార్‌కు కార్ల పందేలతో పాటు బొమ్మ విమానాలు, విమానం నడపడం వ్యసనమే.

చిన్న విమానం అనగానే తెలుగువాళ్ళకు ఇంకో పేరు గుర్తుకు రాక మానదు. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరిన నటి సౌందర్య, బెంగళూరు జక్కూరు నుంచి లేచిన కాసేపటికే కూలిన సెస్నా 180లో అన్నతో సహా చనిపోయింది. క్రాస్ రోడ్స్ హాళ్ళ ముందు ఆమె కటౌట్లు చూసిన కళ్ళు ఆ రోజు నమ్మలేదు. ఆమె ప్రయాణికురాలు మాత్రమే. పిచ్చితో ఎగిరినవాళ్ళనూ ఈ యంత్రం క్షమించదు. 1980 జూన్ 23న ఢిల్లీలో పిట్స్ విమానంతో పల్టీలు కొడుతూ సంజయ్ గాంధీ పోయాడు. ఎంత పలుకుబడి ఉన్నా స్టాల్ అయ్యే వాలు మారదు.

పుష్పక్‌కు పిల్లలూ పుట్టాయి. దాన్నే సాగదీసి కృషక్ చేశారు, సైన్యం వాడుకుంది. కాలం గడిచి ముక్కు కింద చక్రం ఉన్న సెస్నాలు వచ్చాయి. వాటిలో బరువు వెనక చక్రాలకు ముందుంటుంది, వంకర పోయినా తామే సర్దుకుంటాయి. నేర్పడం తేలిక, బీమా తేలిక. క్లబ్బులు అటే మొగ్గాయి. నగరం కూడా మారింది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలాయి. శిక్షణ విమానం ఎక్కాలనే కుర్రాడు ఇప్పుడు నాదర్‌గుల్ దాకా పోవచ్చు. 17 ఏళ్ళు నిండి, డాక్టరు సరే అని, కనీసం 40 గంటలు ఎగిరితే ప్రైవేటు లైసెన్సు వస్తుంది. అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు 40 గంటలంటే నవ్వొస్తుంది. గంటకయ్యే ఖర్చు వింటే ఆ నవ్వు ఆగిపోతుంది.

ఈ పిచ్చికి ఇప్పుడు మనకున్న నిలువెత్తు సాక్ష్యం విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్. కారు నడపడం కంటే ముందే విమానం నడపడం నేర్చాడని ఆయన గురించి చెబుతారు. రోగులను దేశాలు దాటించే జెట్లు నడిపాడు. అవి చాలవన్నట్టు అడవి మైదానాల్లో దిగే చిన్న విమానాలు, పల్టీలు కొట్టేవి, నీటి మీద వాలేవి, గ్లైడర్లు, వేడిగాలి బెలూన్లు కూడా. 2024 మే 19న బ్లూ ఆరిజిన్ వాళ్ళ రాకెట్ ఎక్కి 100 కిలోమీటర్ల ఎత్తు దాటి, మన దేశపు తొలి అంతరిక్ష పర్యాటకుడయ్యాడు. పక్క సీట్లలో ఉన్నవాళ్ళలో ఎడ్ డ్వైట్ అనే 90 ఏళ్ళ పెద్దాయన ఒకరు. కిందికి వచ్చేటప్పుడు మూడు పారాచూట్లలో ఒకటి సరిగా విచ్చుకోలేదు, మిగతా రెండిటితో క్షేమంగా దిగారు. ఆ రాకెట్ పూర్తిగా తనంతట తానే నడుస్తుంది. పట్టుకోవడానికి కంట్రోలు లేదు, నొక్కడానికి పెడళ్ళు లేవు. జీవితంలో అన్నిటికంటే ఎత్తుకు పోయిన ఆ పది నిమిషాలూ గోపీచంద్ కాళ్ళకు పనే లేదు.