'ములాతో' అను మాట పుట్టుక

గుఱ్ఱమునకు 64 క్రోమోసోములు; గాడిదకు 62. ఈ రెంటికిని పుట్టిన కంచరగాడిదకు 63. బీజకణములు ఏర్పడునప్పుడు ఇవి సరిగా జతకూడవు. అందుచే కంచరగాడిద సాధారణముగా గొడ్డుగానే యుండును.

పోర్చుగీసు భాషలో కంచరగాడిదకు 'మూలో' అని పేరు. తెల్లవారికిని ఆఫ్రికనులకును కలిగిన సంతానమును ఆ భాషలో 'ములాతో' అనిరి. ఈ మాట 'మూలో' నుండియే వచ్చినదని పెక్కుమంది భాషావేత్తల మతము. అరబ్బుల నడుమ పుట్టి పెరిగిన మిశ్రసంతతివానిని తెలుపు 'మువల్లద్' అను అరబ్బీ పదమే దీనికి మూలమని మరికొందరందురు. ఏది నిజమైనను, విన్నవారికి కంచరగాడిద స్ఫురింపక మానదు. ఈ పోలిక అవమానకరమే కాదు, జీవశాస్త్రరీత్యా తప్పు కూడ. గుఱ్ఱము, గాడిద వేర్వేరు జీవజాతులు. మానవులు ఏ ఖండమువారైనను ఒకే జీవజాతి. అందరికిని సామాన్యముగా 46 క్రోమోసోములే. ములాతోలకు బిడ్డలు కలిగిరి, మనుమలు కలిగిరి. ఆ మాట వాడినవారు దీనిని కన్నులార చూచుచునే యుండిరి!

'మెస్తీసో' అను మాట కొంత నయము. 'కలిసినది' అను అర్థముగల లాటిన్ పదమునుండి అది పుట్టినది.

బ్రెజిల్‌లో పోర్చుగీసువారికిని ఆదిమవాసులకును పుట్టినవారిని 'మమెలూకో' అనిరి. ఇది 'ఒకరి సొత్తైనవాడు' అను అరబ్బీ పదము. వారినే 'కబోక్లో' అనుటయు కలదు. ఈ మాట ఎంత నొప్పించెడిదో గాని, 1755లో పోర్చుగల్ రాజు మొదటి జోసె దానిని నిషేధించుచు ఆజ్ఞ వెలువరించెను. ఆదిమవాసి స్త్రీలను పెండ్లాడుట అప్రతిష్ఠ కాదనియు, అట్టివారిని, వారి సంతతిని ఆ పేరుతో పిలువరాదనియు దాని సారాంశము. ఆజ్ఞ ఆదిమవాసుల విషయమునకే పరిమితము. 'ములాతో' జోలికి అది పోలేదు.

బ్రెజిల్ జనాభా లెక్కలలో నేడు వాడుమాట 'పార్దో', అనగా గోధుమవన్నెవాడు. 2022 లెక్కలలో నూటికి 45.3 మంది తమను పార్దోలుగా వ్రాయించుకొనిరి.