ఇత్తడి తూటా గొట్టం: అర్ధస్వయంచాలిత రైఫిలులో దెబ్బతినే తీరు, కాపాడుకొనే పద్ధతులు

వ్యాససంగ్రహం: పేలిన తూటా మిగిల్చే ఇత్తడి గొట్టానికి మళ్లీ మందు నింపి వాడుకొనే పద్ధతి ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. అయితే అర్ధస్వయంచాలిత రైఫిలులో కాల్చిన గొట్టం త్వరగా చెడిపోతుంది. అందుకు కారణాలను, నివారణ మార్గాలను కంచర వృత్తికి తెలిసిన లోహజ్ఞానం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తూటా, ఇత్తడి, బర్మారు, ఎస్‌ఎల్‌ఆర్, కంచర వృత్తి, ఏన్కూరు.

1. బర్మారు నుంచి తూటాకు

తల్లాడ నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వైపు, అక్కడి నుంచి భద్రాచలం వైపు సాగే అడవి అంచు ప్రాంతపు చరిత్రలో రెండు రకాల తుపాకులు కనిపిస్తాయి. ఒకటి బర్మారు. తెలంగాణ సాయుధ పోరాట కాలపు (1946-51) స్మృతుల్లో తరచు వినిపించే పేరు ఇది. గొట్టపు మూతి నుంచి మందు, పీలిక, గుండ్లు దట్టించి కాల్చే ఈ తుపాకికి తూటా అక్కరలేదు. పేలిన తరువాత నేలమీద ఏమీ మిగలదు. రెండోది తూటా రైఫిలు. ముందు .303, ఆ తరువాత 1962 చైనా యుద్ధం దరిమిలా ఇషాపూర్ కర్మాగారం తయారుచేసిన 7.62 మి.మీ. ఎస్‌ఎల్‌ఆర్ సైనిక, పోలీసు బలగాల చేతికి వచ్చాయి. పేలిన ప్రతిసారీ ఇవి ఒక ఇత్తడి గొట్టాన్ని బయటికి విసురుతాయి. .303లో ఆ పని సిపాయి చేత్తో బోల్టు లాగితే జరుగుతుంది. ఎస్‌ఎల్‌ఆర్‌లో రైఫిలే చేసుకుంటుంది. ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ ఒక్కటే పేలుతుంది కాబట్టి దానిని అర్ధస్వయంచాలితం అంటారు.

తెలుగు పత్రికా భాషలో 'తూటా' ఒకే మాటగా మూడు వస్తువులను మోస్తోంది. శరీరంలో దిగినదీ తూటాయే, సంచిలో పట్టుబడినదీ తూటాయే, ఘటనాస్థలంలో ఏరినదీ తూటాయే. నేరపరిశోధనకు ఈ మూడూ మూడు వేర్వేరు సాక్ష్యాలు. అందువల్ల ఈ వ్యాసంలో మొత్తం వస్తువును తూటా అనీ, ఎగిరిపోయే భాగాన్ని గుండు అనీ, మిగిలే ఇత్తడిని గొట్టం అనీ వ్యవహరించడమైంది.

మన దేశంలో ఖాళీ గొట్టాన్ని తిరిగి నింపడం సొంత ముచ్చటగా సాగే పని కాదు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు ఉండాలి. తూటా భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఆ చట్టంలోని మందుగుండు నిర్వచనంలోకి వస్తాయి. పోలీసు శిక్షణ మైదానంలో ఖాళీలను ఏరి లెక్క అప్పగించడం ఆనవాయితీ. వాటిని మళ్లీ నింపడం మాత్రం జరగదు. తిరిగి నింపే అలవాటు విస్తారంగా ఉన్నది అమెరికా వంటి దేశాల్లోని లక్ష్యభేదన క్రీడాకారుల్లో. కింది వివరణ ఆ అనుభవాన్ని ఆధారం చేసుకున్నది.

2. గొట్టం చేసే పని

తూటా గొట్టానికి వాడే ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం. ఈ పాళ్లు ఊరికే కుదిరినవి కావు. సాగదీస్తే తెగకుండా సాగే గుణం, సాగిన తరువాత కొంత వెనక్కి ముడుచుకొనే గుణం రెండూ ఈ మిశ్రమంలో ఉన్నాయి. మందు అంటుకోగానే లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి మూడు వేల రెట్లు దాటుతుంది. ఆ క్షణంలో గొట్టం ఉబ్బి చాంబరు గోడకు అంటుకుపోయి వాయువు వెనక్కి రాకుండా మూసివేస్తుంది. గుండు వెళ్లిపోయి ఒత్తిడి తగ్గగానే వెంట్రుకవాసి ముడుచుకొని గోడను వదులుతుంది. వదలకపోతే బయటికి రాదు.

గొట్టమంతా ఒకే గట్టిదనంతో ఉండదు. అడుగు మందంగా, గట్టిగా ఉండాలి. గుండును పట్టి ఉంచే మెడ పలుచగా, మెత్తగా ఉండాలి. కొత్త సైనిక తూటాల మెడ దగ్గర కనిపించే గోధుమ-నీలి ఛాయ మురికి కాదు, మెడను మాత్రమే వేడిచేసి మెత్తబరచిన గుర్తు.

3. అర్ధస్వయంచాలిత రైఫిలులో అదనంగా తగిలే దెబ్బ

చేత్తో బోల్టు లాగే రైఫిలులో గొట్టం పూర్తిగా ముడుచుకొనేదాకా వ్యవధి ఉంటుంది. ఎస్‌ఎల్‌ఆర్ వంటి రైఫిలులో గుండు వెనుక వచ్చే వాయువులో కొంత పక్కకు మళ్లి పిస్టనును నెడుతుంది, పిస్టను బోల్టును వెనక్కి తోస్తుంది. వాయువు అవసరానికి మించి మళ్లితే బోల్టు తొందరపడుతుంది. గొట్టం ఇంకా చాంబరు గోడను పట్టుకొని ఉండగానే ఎక్స్‌ట్రాక్టరు కొక్కెం దాని అంచును లాగుతుంది. అంచు వంగుతుంది, కొన్నిసార్లు చిరుగుతుంది. గొట్టపు ఒళ్లు పొడవుగా సాగుతుంది. బయటికి విసిరినప్పుడు రైఫిలు అంచుకు కొట్టుకొని మూతి సొట్ట పడుతుంది. ఇక నేలమీది రాయి వేసే దెబ్బ సరేసరి.

కాబట్టి నివారణ గొట్టంతో కాక రైఫిలుతో మొదలు కావాలి. ఎస్‌ఎల్‌ఆర్‌లో వాయువు పాలును తగ్గించి పెంచే రెగ్యులేటరు ఉంది. ఆగకుండా పనిచేయడానికి చాలినంత వాయువే ఇవ్వడం, దానిపైన కొద్దిపాటి మిగులు మాత్రమే ఉంచడం సరైన అమరిక. గొట్టాలు ఎంత దూరం ఎగిరి పడుతున్నాయో చూస్తే అమరిక సంగతి చాలావరకు తెలుస్తుంది. రెగ్యులేటరు లేని రైఫిళ్లలో గట్టి స్ప్రింగు, బరువైన బఫరు ఈ పనిని కొంత చేస్తాయి. గొట్టం కొట్టుకొనే అంచుకు మెత్తని పట్టీ అతికించడం చిన్న ఉపాయమే అయినా మూతి సొట్టలను బాగా తగ్గిస్తుంది. జర్మన్ జీ3 రైఫిలుది మరో తీరు. గొట్టం అంటుకుపోకుండా దాని చాంబరు గోడకు నిలువు గాళ్లు చెక్కారు. వాటి గుండా వాయువు చొరబడి ప్రతి గొట్టం మీదా నల్లని నిలువు చారలు వదులుతుంది. చూపుకు భయం కలిగించే ఆ చారలకన్నా, కంటికి ఆనని సాగుడే ఎక్కువ ప్రమాదకరం.

ఆ సాగుడు గురించి కొంత విపులంగా చెప్పాలి. పేలి ఉబ్బిన గొట్టాన్ని తిరిగి వాడాలంటే అచ్చులో నొక్కి పాత కొలతకు తేవాలి. చేత్తో బోల్టు మూసే రైఫిలుకైతే మెడ ఒక్కటే నొక్కి సరిపెట్టుకొనేవారున్నారు. అర్ధస్వయంచాలిత రైఫిలు స్ప్రింగు బలంతోనే మూసుకుంటుంది కాబట్టి గొట్టం నిలువునా కొలతకు రావాలి. ఇక్కడే అతి జరుగుతుంది. అచ్చును గట్టిగా బిగించి గొట్టం భుజాన్ని మరీ కిందికి నొక్కితే, చాంబరులో గొట్టానికీ బోల్టుకూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. మరుసారి పేలినప్పుడు ఆ ఖాళీ నిండేదాకా ఇత్తడి సాగుతుంది. గోడకు అంటుకున్న పైభాగం కదలదు, సాగేది అడుగుకు కాస్త పైన ఉన్న చోటే. అయిదారుసార్లు ఇదే జరిగితే గోడ అక్కడ లోపలినుంచి పలచబడి ఒకనాడు అడుగు ఊడి వస్తుంది. అప్పుడు వాయువు కాల్చేవాని ముఖానికి జానెడు దూరంలో బయటపడుతుంది. భుజాన్ని మిల్లీమీటరులో పదో వంతుకు మించకుండా వెనక్కి నెట్టడం, దానిని ఊహతో కాక గేజితో కొలవడం ఈ ప్రమాదానికి అసలైన మందు.

4. కంచరి కొలిమి చెప్పేది

జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకు మీద పనిచేసేవారికి ఒక సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. ఇత్తడి సుత్తి దెబ్బలు తిన్నకొద్దీ బిగుస్తుంది, ఇంకా కొడితే పగులుతుంది. అందుకే మధ్యలో కాల్చి మెత్తబరచి మళ్లీ కొడతారు. తూటా గొట్టం మెడకు జరిగేదీ ఇదే. పేలినప్పుడు వెడల్పవుతుంది, అచ్చులో బిగుస్తుంది, గుండు పెట్టినప్పుడు మళ్లీ వెడల్పవుతుంది. ఈ మూడూ మూడు సుత్తి దెబ్బలే. కొన్ని విడతల తరువాత మెడ నిలువునా చీలుతుంది.

మెడను కాల్చి మెత్తబరిస్తే చీలిక వాయిదా పడుతుంది. అయితే కంచరి రేకు మొత్తాన్ని కాల్చగలడు, గొట్టాన్ని అలా కాల్చరాదు. అడుగు మెత్తబడితే ఒత్తిడిని ఆపలేదు. గొట్టాలను నీటి పళ్లెంలో నిలబెట్టి మెడకు మాత్రమే మంట చూపే పాత పద్ధతి ఈ భయంతోనే పుట్టింది. చీకట్లో నిప్పుకణికలా ఎర్రబడేదాకా ఉంచితే అదీ అతే అవుతుంది. మెడ గుండును పట్టలేనంత మెత్తబడుతుంది. ఒక్క జాగ్రత్త: ఈ పని పేలి ఖాళీ అయిన గొట్టానికే తగినది, మందున్న తూటా దరిదాపులకు మంట రాకూడదు.

5. పశువులశాల, చింతపండు

గొట్టం దెబ్బతినడానికి రైఫిలు అవసరం లేని సందర్భం కూడా ఒకటుంది. దానికి మన దేశమే ప్రసిద్ధ ఉదాహరణ. బ్రిటిష్ సైన్యం భారతదేశంలో వర్షాకాలం గుర్రపు శాలల్లో నిలవ ఉంచిన తూటాల ఇత్తడి, ఎవరూ ముట్టుకోకుండానే, పగిలిపోయేది. గుర్రపు మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, గాలిలోని తేమ, తయారీలో లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే ఇత్తడి పగులుతుందని మూర్, బెకిన్సేల్ 1921లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. తక్కువ వేడితో ఆ బిగువును తీసివేయడం పరిష్కారమైంది. అందువల్ల అమ్మోనియా ఉన్న మెరుగు ద్రావకాలతో గొట్టాలు తోమరాదు, పశువుల కొట్టం పక్కన దాచరాదు.

మరి దేనితో శుభ్రపరచాలి? తెలుగింటి చింతపండుకున్న పులుపు గుణమే నిమ్మ ఉప్పుకూ ఉంది. నిమ్మ ఉప్పు కలిపిన పలుచని వేడినీటిలో కొద్ది నిమిషాలు ముంచి కడిగితే చాలు. రాత్రంతా నానితే పులుపు ఇత్తడిలోని తుత్తునాగాన్ని లాగివేస్తుంది. అప్పుడు గొట్టంపై రాగి రంగు మచ్చలు తేలుతాయి. ఇత్తడి గిన్నెలో పులుసు కాచడానికి కళాయి ఎందుకు పూస్తారో తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

6. పనికిరాని గొట్టాన్ని గుర్తించడం

ఎంత జాగ్రత్తపడినా ప్రతి గొట్టానికీ ఆయుర్దాయం ఉంది. ఒకే విడతవాటిని ఒకే పెట్టెలో ఉంచి ఎన్నిసార్లు పేలాయో పెట్టెమీద రాసుకోవాలి. మెడ చీలిక కంటికి కనబడుతుంది. అడుగు దగ్గరి పలచబాటు బయటికి ఒక్కోసారి మెరిసే వలయంలా తేలుతుంది, ఒక్కోసారి అదీ తేలదు. కొన వంచిన సన్నని తీగను లోపలికి దించి గోడవెంట మెల్లగా పైకి లాగితే గాడి తగిలి ఆగుతుంది. అలా ఆగిన గొట్టం బయటికి ఎంత మెరిసినా పక్కన పెట్టవలసినదే. దానితోపాటు నలిగినవాటినీ మూతిని పటకారుతో నొక్కి మూసేసి పాత ఇత్తడిలో వేస్తారు, పొరపాటున మరొకరి చేతిలో అవి మంచివాటిలో కలవకుండా.